ముందు మీ బాపు దిగిన బాయిని చదువు

బిడ్డా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పీహెచ్‌డీ చేస్తానంటున్నావు, అది కూడా బొగ్గు పోయి సోలార్ వస్తే మన దిక్కు ఏమవుతుందన్న దాని మీద. ఇంట్లోనేమో బీఎడ్ చేసి గురుకులం పోస్టుకు ప్రిపేర్ అవమంటున్నారు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే హన్మకొండలో మా ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మ నన్ను అడిగింది, నీకు నచ్చజెప్పమని. నచ్చజెప్పను. కానీ ఈ దారి ఎట్లుంటుందో ముప్పై ఏళ్లు నడిచినదాన్ని కాబట్టి దాచకుండా చెబుతాను.

నువ్వు పంపిన ప్రపోజల్ మొదటి పేజీలో వాతావరణ మార్పు మీద పారిస్ ఒప్పందం ఉంది, 2070కల్లా నెట్ జీరో (వదిలే కార్బన్, తిరిగి పీల్చే కార్బన్ సమానం) అని గ్లాస్గోలో మన దేశం చెప్పిన మాట ఉంది, 2030కల్లా శిలాజేతర కరెంటు సామర్థ్యం 500 గిగావాట్లు అని ఉంది. మన బొగ్గు ఊరు గోదావరిఖని ఐదో పేజీలో వచ్చింది. అది తిరగెయ్యాలి. ఎందుకంటే నువ్వు రేపు జరగబోయేదిగా రాస్తున్నది మీ ఇంట్లో ఒకసారి జరిగిపోయింది. మీ తాత తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే గంప, పార) పట్టి బొగ్గు బాయిలో దిగాడు. ఆయన పని నుంచి దిగిపోయాక ఆ ఉద్యోగం మీ బాపుకు వచ్చింది. మీ అన్న ఓపెన్ కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వే గనిలో, ఓబీ (బొగ్గు మీది మట్టి, రాయి) తీసే కాంట్రాక్టర్ దగ్గర టిప్పర్ నడుపుతున్నాడు, ఈ నెల డ్యూటీ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఈ మూడు తరాల మధ్య ఏం జరిగింది? 1990 ప్రాంతంలో సింగరేణి తీసిన బొగ్గు ఏడాదికి 20 మిలియన్ టన్నులు కూడా లేదు, కార్మికులు మాత్రం లక్ష పైనే. 2023-24లో 70 మిలియన్ టన్నులు తీసింది, పర్మినెంట్ కార్మికులు నలభై వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు మూడింతలకు పైగా పెరిగింది, మనుషులు సగానికంటే తగ్గారు. అక్కడ సోలార్ ఎవరి పొట్టా కొట్టలేదు బిడ్డా. అండర్ గ్రౌండ్ పోయి ఓపెన్ కాస్ట్ వచ్చింది, యంత్రాలు వచ్చాయి, కాంట్రాక్ట్ వచ్చింది. ఎవరు నిర్ణయించారు, ఎవరికి ముందే తెలుసు, ఎవరికి తెలిసేసరికి ఆలస్యమైంది, ఊళ్లు ఎట్లా కదిలాయి? సహజ వనరుల పాలన అని మనం పెద్ద పేరు పెట్టి పిలిచేది ఈ ప్రశ్నలనే. జరిగిపోయిన మార్పు మనకు అర్థం కాకుండా రాబోయే మార్పు గురించి రాస్తే అది జోస్యం అవుతుంది, పరిశోధన కాదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నా థీసిస్ చెరువుల మీద అని నీకు తెలుసు కదా. మొదటి ఏడాదంతా ఒక ఆఫీసులో కూర్చుని రిజిస్టర్లు కాపీ చేసుకున్నాను. ఏ చెరువు కింద ఎంత ఆయకట్టు, ఏది బాగుంది, ఏది పాడైంది, అన్నీ గళ్లలో చక్కగా ఉండేవి, నేనూ చక్కగా పట్టికలు వేశాను. తర్వాత పాఖాల దిక్కు ఒక ఊరికి పోతే, రిజిస్టర్లో బాగుందని రాసిన చెరువు తూము పగిలి ఏళ్లవుతోంది, శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే జాగా) సగం పొలాలైపోయింది. ఆ ఊరి నీరటి (చెరువు నీళ్లు పంచేవాడు) ముసలాయన నన్ను కట్ట మీదికి తీసుకుపోయాడు. తూము దగ్గర మోకాలి లోతు బురదలో నిలబడి, ఏ పొలానికి ఏ పూట నీళ్లు ఇచ్చేవాడో, కరువు ఏడాదైతే ఎవరికి ఎంత కోత పెట్టేవాడో, ఏ కులపోళ్లు ఒప్పుకునేవాళ్లో ఎవరు తగాదాకు వచ్చేవాళ్లో, కల్లం మీద ఎవరు ఎంత మేర (పనికి ఇచ్చే ధాన్యం) కొలిచి ఇచ్చేవాళ్లో ఒక్క కాగితం లేకుండా గంటసేపు చెప్పాడు. చివర్లో కట్ట అవతల ఉన్న బోరు మోటార్లు చూపించి "అవి వచ్చినంక నన్ను ఎవరూ పిలుస్తలేరు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ఏడాది పని పక్కకు పోయింది. చెరువు పోవడం నీళ్ల కథ అనుకున్నాను, అది కరెంటు కథ కూడా అని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఎలినార్ ఆస్ట్రమ్ రాసినవి చదివాను. ఊళ్లు ఉమ్మడి వనరులను తమ కట్టుబాట్లతో ఎట్లా నిలబెట్టుకుంటాయో చూపించినందుకే ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పుస్తకంలో కట్టుబాట్లు అన్నచోటల్లా నాకు ఆ నీరటి కాళ్లే కనిపించేవి. నువ్వు కూడా సిద్ధాంతం చదువు, బాగా చదువు, కానీ ఒక మనిషిని చూసొచ్చి చదువు.

అట్లని కాగితాలు వద్దని కాదు. కాగితం చదవడం రాకపోతే ఈ రంగంలో అడుగు పెట్టొద్దు. గని కోసం భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం ఏం చెబుతోంది, అంతకు ముందు 1894 చట్టం కింద పోయిన వాళ్లకు ఏం దక్కింది, షెడ్యూల్డ్ ఏరియా (ఆదివాసీ ప్రాంతం) అయితే గ్రామసభకు అధికారాలిచ్చే పెసా, ఆదివాసీల భూమి బయటివాళ్లకు పోకుండా ఆపే 1/70, అటవీ హక్కుల చట్టం, ఆ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గని లీజులు చెల్లవన్న 1997 సమత తీర్పు. ఇవి పేర్లుగా కాదు, సెక్షన్ల దాకా తెలియాలి. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా, 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలి. ఆ తెలుగు సారాంశం పక్కన ఇంగ్లిష్ నివేదిక పెట్టుకుని చదివి చూడు, ఏది వచ్చింది ఏది జారిపోయింది. ఆ రోజు టెంటు కింద మైకు పట్టుకుని జనం అడిగినవన్నీ మినిట్స్‌లో ఉంటాయి, కేంద్రం పర్యావరణ అనుమతుల కోసం పెట్టిన పరివేష్ పోర్టల్లో దొరుకుతాయి. ఉద్యోగం అడిగినవాళ్లు ఎందరు, గనిలో పేల్చే బాంబులకు గోడలు పగుళ్లు ఇస్తున్నాయన్నవాళ్లు ఎందరు, బోర్లు ఎండాయన్నవాళ్లు ఎందరు, వాళ్లకు ఇచ్చిన జవాబు ఏంటి? ఒక్క గనికి అట్లా చేస్తే మంచి పేపర్ అవుతుంది, నేను నిజంగా చెబుతున్నాను.

డబ్బు ఎటు పోతుందో చూడడం కూడా నేర్చుకో. 2015లో ఖనిజాల చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. ఆ ఏడాది జనవరి 12కు ముందు నాటి లీజులైతే రాయల్టీ మీద మరో 30 శాతం ఆ నిధికి కట్టాలి. తాగునీళ్లు, వైద్యం, చదువు లాంటి వాటికి పెద్దపీట వేయాలని నిబంధన. మరి ఓబీ గుట్ట కింద ఉన్న ఊరికి ఎంత పోయింది, గని మొహం చూడని మండల కేంద్రంలో రోడ్డుకు ఎంత పోయింది? సమాచార హక్కు చట్టం కింద అడుగు. ఒకసారి అడిగితే సగం ఇస్తారు, అప్పీలు వెయ్యి.

లెక్కలంటే భయమని రాశావు. ఆ భయం ఈ ఏడాదే పోగొట్టుకో. నీ ప్రపోజల్లో రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల సోలార్‌ను 2600 మెగావాట్ల థర్మల్ ప్లాంటు పక్కన పెట్టి ఇరవై ఆరో వంతు అని రాసేశావు. మెగావాట్ అంటే సామర్థ్యం, కరెంటు లెక్క యూనిట్లలో. ఎండ ఉన్నప్పుడే నడిచే సోలార్, అదే సామర్థ్యం ఉన్న బొగ్గు ప్లాంటు ఏడాదికి ఇచ్చే యూనిట్లలో మూడో వంతో నాలుగో వంతో ఇస్తుంది. ఇట్లాంటి తప్పు ఒకటి దొరికితే ఇంజినీర్లు నీ మిగతా రెండువందల పేజీలు చదవరు. విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ ముందు డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) వేసే పిటిషన్లు తెరువు, మొదట తల తిరుగుతుంది, మూడోసారికి దారి దొరుకుతుంది. మన వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు లేవు, 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఉచితం. మరి రైతులు ఇన్ని కోట్ల యూనిట్లు వాడారని రాసే అంకె ఎక్కడిది? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి దాని నుంచి అంచనా కడతారు. దాని మీదే సబ్సిడీ లెక్కలు నడుస్తాయి. అంకె కనబడగానే రాసుకోవడం కాదు, అది ఎక్కడ పుట్టిందో అడగడం అలవాటు చేసుకో. కమిషన్ హన్మకొండలో విచారణ పెట్టినప్పుడు రా, ఇద్దరం కలిసి పోయి వెనక కుర్చీల్లో కూర్చుందాం.

ఇక బతుకు సంగతి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొట్టకుండా పీహెచ్‌డీలో చేరొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్న మాట. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. ఇంట్లో డబ్బు అడగకుండా ఫీల్డ్‌కు పోగలవు, పెళ్లి మాట వచ్చినప్పుడు కూడా నీ మాట నిలబడుతుంది. ఫెలోషిప్ ఆలస్యమైతే బిల్లు ఆరు నెలలు కదలదు, కొంత చేతిలో ఉంచుకో. ఇంకోటి, అడ్మిషన్ ఏ డిపార్ట్‌మెంట్‌లో అన్నది తేలిగ్గా తీసుకోకు. ఎనర్జీ, గవర్నెన్స్ అని కొత్త పేర్లతో డిగ్రీలు బాగుంటాయి, కానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్‌లో పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, సోషియాలజీ అనే ఉంటుంది, స్క్రూటినీలో సబ్జెక్టు కలవలేదని పక్కన పెట్టేస్తారు. నా దగ్గర చదివిన మంచి పిల్లలకే అట్లా జరిగింది, ఆ బాధ నాకు ఇంకా ఉంది. నీ ఎం.ఏ. సబ్జెక్టులోనే ఉండు, టాపిక్ ఎంత దూరమైనా పోనీ.

గైడ్‌ను పేరు చూసి ఎంచుకోకు. వాళ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అడుగు. చాప్టర్ ఇస్తే ఎన్ని రోజులకు చదువుతారు, పేపర్ మీద పేరు ఎవరిది ముందు పెడతారు, ఇంటి పనులు చెబుతారా. శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైట్లో వాళ్ల కింద వచ్చినవి రెండు తెరిచి చదివితే మిగతాది అర్థమవుతుంది. డబ్బు కట్టు, వారంలో వేస్తామనే జర్నళ్ల జోలికి పోవద్దు. మంచి జర్నళ్ల పట్టిక అయిన కేర్ లిస్టును యూజీసీ 2025లో ఎత్తేసింది కాబట్టి ఏది మంచిదో ఏది కాదో నువ్వే తేల్చుకోవాలి, అనుమానమొస్తే నన్ను అడుగు.

అన్నిటికంటే నాకు టెన్షన్ ఉన్నది ఒక్క దాని మీదే. నువ్వు ఆ ఊరి పిల్లవు. బాయి భాష నీకు పుట్టుకతో వచ్చింది, మస్టర్ (డ్యూటీ హాజరు) అంటే ఏంటో, డిపెండెంట్ ఉద్యోగం (తండ్రి బదులు కొడుకుకు వచ్చేది) కోసం ఇంట్లో ఏం జరుగుతుందో ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లకు ఏడాది పట్టేది నీకు ఒక్క మాటలో తెలుసు. కానీ తెలుసనుకున్న చోట మనం అడగడం మానేస్తాం. మీ బాపుకు గని అన్నం పెట్టింది. మీ మేనత్త వాళ్ల ఊరు ఓపెన్ కాస్ట్‌లో పోయింది, ఇచ్చిన పైసలు అయిపోయాయి, నిర్వాసితులకు కట్టిన ఆర్ అండ్ ఆర్ కాలనీలో పాడి లేదు, పెరడు లేదు. ఇద్దరిదీ నిజమే. ఏదో ఒక పక్షం ముందే ఎంచుకుని పోతే ఆ రెండోవాళ్లు నీకు నిజం చెప్పరు. చుట్టాలనే ఇంటర్వ్యూ చేస్తున్నా రికార్డ్ చేస్తున్నానని చెప్పి, ఒప్పుకుంటేనే చెయ్యి. పేర్లు మార్చు. సర్వీస్‌లో ఉన్నవాళ్లు, కాంట్రాక్ట్‌లో ఉన్నవాళ్లు చెప్పింది రాసేటప్పుడు ఏ గని, ఏ షిఫ్ట్ అన్నది కూడా తీసెయ్యి, గుర్తుపడితే డ్యూటీ పోతుంది. మీ అన్నతో సహా.

ఒకసారి ఒక నిర్వాసిత కాలనీలో ఒకామె ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, పాత పహాణీ, పరిహారం నోటీసు, కోర్టు వాయిదా కాగితం ఒక్కొక్కటి మంచం మీద పరిచింది. మడతల దగ్గర చిరిగిపోయి, టేపు వేసి ఉన్నాయి. అన్నీ చూపించాక "ఇంతకుముందు కూడా ఒక సారు వచ్చి రాసుకుపోయిండు" అన్నది. అప్పటి నుంచి నేను ఏది రాసినా, ఆ ఊరికి సంబంధించిన భాగం తెలుగులో పది పేజీలు చేసి తీసుకుపోయి చదివి వినిపిస్తాను. తప్పులు వాళ్లే పట్టుకుంటారు. నీ ఐదేళ్ల ప్లాన్‌లో దానికి రెండు నెలలు ఇప్పుడే రాసిపెట్టుకో, చివర్లో టైమ్ ఉండదు.

ప్రపోజల్ ఇప్పుడే ఎవరికీ పంపకు. ఈ ఆదివారం మీ బాపు దగ్గర కూర్చో. ఆయన చేరిన ఏడాది షిఫ్టులో ఎంతమంది దిగేవాళ్లు, ఏ ఏడాది ఎవరు ఆగిపోయారు, ఎవరు కాంట్రాక్ట్‌కు మారారు, గుర్తున్నంత వరకు రాయించుకో. ఆయన పాత పే స్లిప్పులు మీ అమ్మ బీరువా మీద నీలం సూట్‌కేసులో ఉన్నాయి, పోయినసారి వచ్చినప్పుడు చూశాను. వాటి ఫొటోలు తీసి నాకు పంపు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ పెద్దమ్మ