ఓడ బిల్లులో గ్రాట్యుటీ, చేతికిచ్చే బక్షీసు

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాము. ఈ వేసవిలో ఇండియా నుంచి వచ్చిన మా అత్తమామలను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల ఓడ ప్రయాణం చేసి వచ్చాము. రెండో రోజు గదిలోని టీవీలో మా ఖాతా తెరిచి చూస్తే, మనిషికి రోజుకు 18.50 డాలర్ల చొప్పున గ్రాట్యుటీ పడుతూ కనిపించింది. పిల్లలతో సహా ఆరుగురికి వారం తిరిగేసరికి అది 777 డాలర్లయింది. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మా మామగారు ఆ మాట చదివి, "గ్రాట్యుటీ అంటే ముప్పై ఏళ్లు పనిచేసినవాడి చేతిలో పెట్టేది కదమ్మా, వారం రోజులు ఓడెక్కిన పాపానికి మన దగ్గర వసూలు చేయడమేమిటి?" అని నవ్వారు. భోజనాల దగ్గర పరిచయమైన ఒక తెలుగు కుటుంబం వారేమో, కౌంటర్‌కు వెళ్లి అడిగితే ఆ మొత్తం తీసేస్తారనీ, అందులో సగం మన గది శుభ్రం చేసే అబ్బాయి చేతిలో పెడితే అతనికే ఎక్కువ మేలనీ చెప్పారు. తీయించేద్దామని మావారు, వద్దని నేను. ఇంటికొచ్చి రెండు నెలలైనా వాదన తెగలేదు. ఎవరిది సరి?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీ మామగారి మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే సగం గందరగోళం ఆ పదంలోనే ఉంది. మన దేశంలో గ్రాట్యుటీ అంటే యజమాని ఉద్యోగికి చెల్లించవలసిన సొమ్ము. దానికోసం 1972లో ఒక చట్టమే వచ్చింది. అమెరికాలో అదే మాటకు టిప్పు అని అర్థం. అయితే ఓడ బిల్లులో కనిపించేది ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందని నన్నడిగితే, మీ మామగారి అర్థానికే దగ్గరగా ఉందంటాను. అది పేరుకు బక్షీసు, నిజానికి జీతంలో భాగం. కాకపోతే యజమాని ఇవ్వవలసినదాన్ని ప్రయాణికుడి చేత ఇప్పిస్తున్నారు.

ఒకప్పుడు ఈ పద్ధతి ఇలా ఉండేది కాదు. ప్రతి కుటుంబానికీ వారమంతా ఒకే భోజనాల బల్ల, ఒకే సమయం, వడ్డించేందుకు అదే వెయిటరు, అతనికి అదే సహాయకుడు ఉండేవారు. ఆఖరి రాత్రి గదిలో కొన్ని కవర్లు పెట్టేవారు. వాటిలో నోట్లు వేసి ఎవరిది వారికి అందించడం ఆనవాయితీ. ఆఖరి రాత్రి భోజనానికి రాకుండా తప్పించుకొనేవారూ ఆనాడే ఉన్నారు. 2000లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ అనే ఓడల కంపెనీ ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరితోనైనా కూర్చుని తినవచ్చనే పద్ధతి తెచ్చింది, మిగతావీ క్రమంగా అటువైపే నడిచాయి. ఈ రోజు ఒకచోట, రేపు మరొకచోట తింటే కవరు ఎవరికివ్వాలి? ఆ చిక్కులోంచి రోజువారీ వసూలు స్థిరపడింది. ఇప్పుడు పెద్ద అమెరికన్ కంపెనీలలో సాధారణ గదులకు మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా, సూట్‌లనే పెద్ద, ఖరీదైన గదులకు అంతకంటే ఎక్కువ తీసుకుంటున్నారు. పిల్లలకూ ఇదే లెక్క. రెండేళ్ల లోపు పసివాళ్లకు ఒక కంపెనీ, మూడేళ్ల లోపువారికి మరొక కంపెనీ మినహాయింపు ఇస్తాయి, అంతే.

ఇక మీవారి వాదనకు వస్తాను. మీరెక్కిన ఓడ టెక్సస్ రేవులోనే కట్టి ఉండవచ్చు, అందులో ప్రయాణికులంతా అమెరికావారే కావచ్చు, కాని ఇలాంటి ఓడల వెనుక భాగాన ఎగిరే జెండా సాధారణంగా బహమాస్‌దో, పనామాదో, బెర్ముడాదో అయి ఉంటుంది. విదేశీ జెండా కింద పనిచేసే నావికులకు అమెరికా సమాఖ్య కనీస వేతన చట్టం వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. వారికి రక్షణగా ఉన్నది ప్రధానంగా 2006లో కుదిరి 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం. ఆ ఒప్పందం ఎంత మెత్తనిదో చూడండి: రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు మించి పనిచేయించరాదు అనేది అందులో ఒక గరిష్ఠ పరిమితి. మీ గది సర్దిన అబ్బాయి ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత, వారాంతపు సెలవనేది లేకుండా, తన ఉద్యోగ ఒప్పందం ముగిసేదాకా ఆరేడు నెలలో అంతకంటే ఎక్కువో అలా పనిచేస్తాడు. అతను ఫిలిప్పీన్స్ నుంచో, ఇండోనేషియా నుంచో, మన గోవా నుంచో వచ్చి ఉంటాడు. అతని చేతికి వచ్చే నెల సంపాదనను లెక్కగట్టేటప్పుడే ఈ గ్రాట్యుటీ నిధిని అందులో కలుపుకొని చూస్తారు. కాబట్టి దాన్ని తీయించడమంటే ఇవ్వదలచిన బహుమానాన్ని మానుకోవడం కాదు, చేసిన పనికి రావలసినదానిలో కోత వేయడం.

"తీసేసిన సగం చేతికిస్తాం కదా" అంటారేమో. ఇక్కడ రెండు సంగతులున్నాయి. మొదటిది, మీ కంటికి కనిపించినవాడు ఒక్కడే పనిచేయలేదు. మీ దుప్పట్లు ఉతికినవారు అడుగు అంతస్తులో ఉంటారు. బఫే పళ్లేలు కడిగేవారిని మీరు ఎన్నడూ చూడరు. పొద్దున్నే మెట్లూ నడవలూ మెరుస్తున్నాయంటే రాత్రంతా తుడిచినవారున్నారు. రోజువారీ వసూలయ్యే సొమ్ము గది సిబ్బందికీ, భోజనశాల సిబ్బందికీ పోగా, ఇలా తెర వెనుక ఉన్న కొందరికి కూడా వెళ్తుంది. మీరిచ్చే నోటు వారిదాకా చేరదు. రెండోది మరీ ముఖ్యం: ఖాతాలో గ్రాట్యుటీ తీయించిన గది ఏదో కార్యాలయానికి తెలుస్తుంది, అలాంటి గది నుంచి వచ్చిన నగదును ఉమ్మడి నిధికి అప్పజెప్పాలనే నియమం కొన్ని కంపెనీల్లో ఉంది. మీరు అతని జేబులో పెట్టాననుకున్నది అతని జేబులో ఉండదు. అదే గ్రాట్యుటీని ముట్టుకోకుండా దానిపైన ఒక ఇరవై డాలర్లు ఇస్తే, అది పూర్తిగా అతనిదే.

అందువల్ల ఓడ మీద ఉండగా ఏం చేయాలన్న ప్రశ్నలో మీదే సరి. అలాగని మీవారి కోపాన్ని నేను కొట్టిపారేయను. పని చేయించుకునేది కంపెనీ, వేతన భారాన్ని టికెట్ ధరలో చూపకుండా విడిగా బిల్లులో వేసేదీ కంపెనీయే, చివరికి పరాయిచోట సిబ్బంది ముఖం చూడలేక సిగ్గుపడవలసింది మాత్రం ప్రయాణికుడు. ఇది న్యాయమైన ఏర్పాటు కాదు. ధరలోనే కలపడం సాధ్యం కాదా అంటే, చేసి చూపినవారున్నారు. బ్రిటన్‌లోని పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019లో రోజువారీ సేవా రుసుమును ఎత్తేసింది. సిల్వర్‌సీ, సీబోర్న్ వంటి ఖరీదైన కంపెనీలు మొదటినుంచీ టికెట్‌లోనే కలుపుతున్నాయి. కాలిఫోర్నియాలో 2024 జులై 1న ఒక చట్టం అమలులోకి వచ్చింది. తప్పనిసరిగా కట్టవలసిన ప్రతి రుసుమునూ ప్రకటించే ధరలోనే చూపాలన్నది దాని సారాంశం. ఆ దెబ్బతో పెద్ద కంపెనీలన్నీ పన్నులనూ రేవు రుసుములనూ ధరలో కలిపి చూపుతున్నాయి, గ్రాట్యుటీ మాత్రం ఇంకా బయటే ఉండిపోయింది. కౌంటర్‌లో అడిగితే తీసేస్తామన్న వెసులుబాటు ఉన్నంతకాలం అది "తప్పనిసరి" కాదు మరి! ప్రయాణికుడికి ఇచ్చిన స్వేచ్ఛలా కనిపించేది, నా దృష్టిలో, కంపెనీ తన ప్రకటనలో అంకెను చిన్నదిగా ఉంచుకోవడానికి పనికొచ్చే స్వేచ్ఛే.

కనుక మీవారిని ఆ కోపాన్ని టికెట్ కొనేరోజున చూపమనండి. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు గ్రాట్యుటీ కలిపిన మొత్తాలను పక్కపక్కన పెట్టుకొంటే, చవక అనిపించినది చవక కాకపోవచ్చు. ముందే చెల్లించే వీలుంటే చెల్లించడం మంచిది. తరువాత రేటు పెంచినా ముందు కట్టినవారిపై సాధారణంగా భారం పడదు, ఓడలో రోజూ ఆ అంకె చూసి మనసు చివుక్కుమనడమూ ఉండదు. తీయించడం తప్పే అని మాత్రం నేననను. గది రెండురోజులు శుభ్రం చేయకపోతే, ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోతే, ఎంత తగ్గించాలో చెప్పి తగ్గించుకొనే హక్కు మీకుంది. అయితే ముందు చెప్పి చక్కదిద్దే అవకాశమివ్వండి, ఆ పనంతా ఓడ దిగకముందే ముగించుకోండి.

ప్రశ్న: హోటల్ బిల్లులో సర్వీస్ చార్జి బలవంతంగా వేయకూడదని మన కోర్టు చెప్పింది కదా? సింగపూర్ నుంచి బయలుదేరే ఓడకు ఇక్కడి ఏజెంటు దగ్గర టికెట్లు కొన్నాను. గ్రాట్యుటీ ఓడలో డాలర్లలో కట్టాలంటున్నాడు. కాదనవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు చెబుతున్నది కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల గురించి. హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ చార్జిని తమంతట తాము బిల్లులో చేర్చరాదని అవి చెబుతాయి; రెస్టారెంట్ల సంఘాలు సవాలు చేయగా 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. సింగపూర్ రేవు నుంచి పరాయి జెండాతో బయలుదేరే ఓడకు వాటిని చూపించి లాభం లేదు. పైగా సింగపూర్‌లో రెస్టారెంటు బిల్లు మీదనే పది శాతం సేవా రుసుము మామూలు సంగతి. టికెట్ కొన్నప్పుడు మీరు ఒప్పుకొన్న షరతులే అక్కడ చెల్లుతాయి, కొన్ని కంపెనీలు తీయించే వీలు కూడా లేదని ఆ షరతుల్లోనే రాస్తాయి. మీ ఏజెంటును అడగవలసినది వేరే ఉంది: టికెట్ ధర ఎంత, రేవు పన్నులెంత, గ్రాట్యుటీ ఎంత అనే మూడు అంకెలనూ విడివిడిగా, రాతపూర్వకంగా ఇవ్వమనండి. "అన్నీ కలిపి" అన్న మాట నోటితో చెప్పినప్పుడు అందులో గ్రాట్యుటీ తరచుగా ఉండదు.

ప్రశ్న: కాఫీకో, పళ్లరసానికో సంతకం పెట్టమని ఇచ్చే చీటీలో టిప్పు కోసం ఒక ఖాళీ గీత ఉంటోంది. రోజువారీ గ్రాట్యుటీ కడుతున్నాం కదా, ఇదేమిటి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఆ గీత పైన ఉన్న వరుసలను చదవండి. పానీయాల ధరపై 18 నుంచి 20 శాతం గ్రాట్యుటీ అప్పటికే కలిపి ఉంటుంది. ఇది రోజువారీ రుసుముకు సంబంధం లేని వేరే లెక్క. ఖాళీ గీత ఆపైన ఇవ్వదలచినవారి కోసం. దాన్ని అలాగే వదిలేసి సంతకం చేయడం అమర్యాద కాదు. స్పాలోనూ ఇలాగే కలుపుతారు. "ఉచితం" అని టికెట్‌తోపాటు ఇచ్చే పానీయాల ప్యాకేజీకి కూడా దాని విలువ మీద 20 శాతం గ్రాట్యుటీ ముందే వసూలు చేసే కంపెనీ ఒకటుంది. ఉచితానికి గ్రాట్యుటీ కట్టడం ఓడల్లోనే చూశాను.

ప్రశ్న: నేనూ మావారూ డెబ్బై దాటినవాళ్లం, శాకాహారులం. మా అబ్బాయి సియాటిల్ నుంచి అలాస్కా ఓడకు టికెట్లు కొన్నాడు, గ్రాట్యుటీ కూడా ముందే కట్టేశాడు. అయినా చేతిలో కొంత నగదు ఉంచుకోమంటున్నాడు. ఎవరికి, ఎంత, ఎప్పుడు ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీ అబ్బాయి కట్టిన గ్రాట్యుటీతో ఓడలో మీరు చెల్లించవలసినదంతా చెల్లినట్టే, కాబట్టి ఇక ఇచ్చేది మనసుకు తోచి ఇచ్చేదే. అయితే ఆ గ్రాట్యుటీ పరిధిలోకి రానివారు కొందరున్నారు. సియాటిల్ రేవులో మీ పెట్టెలు అందుకొనే పోర్టరు ఓడ ఉద్యోగి కాడు. పెట్టెకు ఒకటి రెండు డాలర్లు అక్కడికక్కడే ఇస్తారు. జూనో, స్కాగ్వే, కెచికాన్ వంటి రేవుల్లో దిగి బస్సులోనో, పడవలోనో తిరిగితే ఆ డ్రైవరు, గైడు ఆ ఊరివారు. దిగేటప్పుడు మనిషికి కొన్ని డాలర్లు వారి చేతిలో పెట్టడం అక్కడి అలవాటు. గదికి టిఫిన్ తెప్పించుకొంటే తెచ్చినవారికి రెండు మూడు డాలర్లు చాలు.

ఓడలో మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన మనిషి భోజనశాలలో ఉంటాడు. మొదటి రాత్రే హెడ్ వెయిటరును కలిసి శాకాహారులమని, మర్నాటికి పప్పు, కూర, చపాతీ కావాలని చెబితే చాలా ఓడల్లో చేయించిపెడతారు. వంటింట్లో మనదేశంవారు ఉండడం మామూలే. జాబితాలో లేని వంటను రోజూ మీకోసం పురమాయించి, వేడిగా వచ్చేలా చూసినవారికి ఇచ్చే నగదే నా లెక్కలో అసలైన బక్షీసు. వారం ప్రయాణానికి నేనైతే హెడ్ వెయిటరుకు ఇరవై డాలర్లు, గది సర్దేవారికి ఇరవై నుంచి నలభై ఇస్తాను. మీకు వీలు కాకపోతే అందులో సగమిచ్చినా చిన్నబుచ్చుకొనేవారు ఉండరు.

ఒకటి, అయిదు, పది డాలర్ల నోట్లను బయలుదేరకముందే మార్చి ఉంచుకోండి. రూపాయి నోట్లు, ఏ దేశపువైనా చిల్లర నాణేలు ఇవ్వకండి. వాటిని మార్చుకోవడం వారికి పెద్ద పని. గదిలో బల్ల మీద నోటు వదిలి వెళ్లిపోతే అది మీరు మరచిపోయినదేమోనని గది సర్దే అబ్బాయి తీయకుండా ఉంచే అవకాశముంది, అందుకే పేరు రాసిన కవరులో పెట్టి ఎదురుపడినప్పుడు ఇవ్వండి. ఆఖరి ఉదయం దిగే హడావుడిలో అతను కనిపించకపోవచ్చు, ముందురోజు సాయంత్రమే మేలు. దిగాక మీ అబ్బాయికి మెయిల్‌లో ఒక అభిప్రాయ పత్రం వస్తుంది. మిమ్మల్ని బాగా చూసినవారి పేర్లు కాగితం మీద రాసుకొని ఉంచితే అందులో పేరుపేరునా రాయించవచ్చు. తరువాతి ఒప్పందానికీ, పైస్థాయి ఉద్యోగానికీ వారు ఆ మాటలను చూపించుకొంటారు. పేర్లు వారి చొక్కా మీద ఉంటాయి, కింద దేశం పేరు కూడా.