పాముకాటు థీసిస్‌కు కాటు సమయం, ఏఎస్‌వీ సమయం ఎలా రాసుకోవాలి?

మీరు ఏరియా ఆసుపత్రిలో పాముకాటు మీద థీసిస్ చేస్తున్నారు. కాటు నుంచి ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) దాకా పట్టిన సమయాన్ని పాత కేస్‌షీట్ల నుంచి తీసి, ఆలస్యమైతే మరణాలు పెరుగుతాయని చూపవచ్చా అని అడిగారు.

పాత కేస్‌షీట్లతో వద్దు. వాటిలో ఏఎస్‌వీ ఎదురుగా ఉండేది డాక్టరు ఆర్డరు రాసిన టైము, డ్రిప్ మొదలైన టైము కాదు. ఈ మధ్యలో స్టోర్ నుంచి పది వయల్స్ రావాలి, పొడిమందైతే ఒక్కొక్కటీ నురగ రాకుండా కరగాలి. డ్రిప్ పెట్టిన నర్సే గడియారం చూసి టైము రాసేలా వేరే షీటు పెట్టండి. పీహెచ్‌సీలో మొదటి డోసు పడి వచ్చిన వాళ్లకు ఆ టైమే లెక్క, మీ దగ్గర వేసినది కాదు.

కాటు సమయం ఇంకా కష్టం. "ఎన్నింటికి కరిచింది?" అంటే "ఏడింటికి" అంటారు, ఎందుకంటే గుర్తున్నది అదే. "మోటారు కరెంటు వచ్చాకా, రాకముందా?" అని అడగండి. కరిచాక ఇంటివాళ్లు ఎవరికి మొదట ఫోన్ చేశారో వాళ్ల కాల్‌లాగ్‌లో చూడండి. 108లో వస్తే ఆ కాల్ టైము కూడా రాసుకోండి. కట్లపాము ఎక్కువగా మనిషి నిద్రలో ఉండగా కరుస్తుంది, గాటు కూడా కనబడకపోవచ్చు. అలాంటప్పుడు ఒకే టైము ఊహించి రాయకండి. పడుకున్నది, లేచింది రెండూ రాయండి.

20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష దగ్గర చాలా డేటా పాడవుతుంది. కొత్త, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి కదపకుండా ఉంచాలి. 20 నిమిషాలయ్యాక ఒక్కసారే వంచి చూడాలి. సబ్బునీళ్లతో కడిగిన ట్యూబయినా, ప్లాస్టిక్‌దయినా మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు విషమెక్కని మనిషి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని రక్తపింజర కాటు కేసుల్లో చేరిపోతాడు.

అసలు చిక్కు విశ్లేషణలో ఉంది. విషం బాగా ఎక్కినవాళ్లనే ఇంటివాళ్లు పరుగున తెస్తారు, మీరూ వాళ్లకే ముందు డ్రిప్ పెడతారు. అందువల్ల త్వరగా మందు పడినవాళ్లలోనే మరణాలు ఎక్కువగా కనబడవచ్చు. వచ్చిన క్షణంలో కనురెప్పలు వాలాయా, చిగుళ్ల నుంచి రక్తమా, మూత్రం ఎంత, శ్వాస ఎలా ఉంది అన్నవి రాసి ఉంటేనే ఆ తేడాను లెక్కలో సర్దగలరు. ఏఎస్‌వీ వేశాక రాసిన లక్షణాలు ఇందుకు పనికిరావు.

మార్చురీ రిజిస్టరు, ఎమ్మెల్సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసుల) రిజిస్టరు కూడా తప్పక చూడండి. ఇంటింటి సర్వేతో దేశంలో మరణ కారణాలు లెక్కగట్టిన మిలియన్ డెత్ స్టడీ ప్రకారం 2005లో దేశంలో పాముకాటుతో సుమారు 46,000 మంది చనిపోయారు. అందులో నాలుగింట మూడు వంతులు ఆసుపత్రి బయటే. లక్ష జనాభాకు మరణాల రేటు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యధికం, 6.2. కాబట్టి మీ వార్డులో వచ్చిన మరణాల శాతాన్ని జిల్లా లెక్కగా రాయకండి. దారిలో పోయినవాళ్లను, చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లను విడి వరుసల్లో చూపండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి కేసు కంటే ముందే చేతిలో ఉండాలి.