ముందు చీటీ చదువు

కడప

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. పెంకు పురుగులు (బీటిల్స్) సేకరించే సైన్సు అయ్యవారి మీద రాసిన ఆ పేజీల్లో ఆయన పెట్టె ఇంద్రధనుస్సులా మెరిసిందని రెండు చోట్ల ఉంది. పురుగుకు ఆయన సూది ఏ వైపు గుచ్చాడో మాత్రం ఒక్క చోటా లేదు. ఈ ఉత్తరం ఆ లేని సంగతి గురించే.

ముందుగా మొదటి పేరా కొట్టెయ్. డార్విన్ రెండు చేతుల్లో రెండు పురుగులు పట్టుకుని, మూడోది కనబడేసరికి ఒకదాన్ని నోట్లో వేసుకున్న కథతోనే పురుగుల మీద రాసేవాళ్లంతా మొదలుపెడతారు. దేవుడికి పెంకు పురుగులంటే మక్కువని జీవశాస్త్రవేత్త హాల్డేన్ అన్నాడంటారే, ఆ మాటా అరిగిపోయింది. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేరు పెట్టిన పెంకు పురుగు జాతులు సుమారు 4 లక్షలు. ఎక్కడైనా అవసరమైతే ఆ అంకె ఒక్కసారి చెప్పి వదిలెయ్.

‘పురుగుల పిచ్చి’ అన్న మాట కూడా తీసెయ్. అది చదివిన ఊరివాళ్లు రేపు ఆ అయ్యవారిని అదే పేరుతో పిలుస్తారు. పైగా అందులో నిజం లేదు. ఈ చదువులో జీతం తీసుకునేవాళ్లకూ సొంత డబ్బు పెట్టుకునేవాళ్లకూ మధ్య గోడ ఎప్పుడూ గట్టిగా లేదు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం మీద వచ్చిన సంపుటాల్లో పులి పురుగుల (టైగర్ బీటిల్స్) సంపుటం 1912లో రాసిన ఫౌలర్ ఒక పాదిరి. పొట్టి పెంకుల రోవ్ బీటిల్స్ మీద 1930ల్లో సంపుటాలు రాసిన మాల్కం కామెరాన్ నౌకాదళంలో డాక్టరు. మన చేలో దొరికిన పురుగు పేరు తేల్చడానికి నిపుణులు ఇవాళ కూడా ఆ సంపుటాలు తిరగేస్తారు.

ఇక సూది. పెంకు పురుగుకు నడిమధ్య గుచ్చరు. వీపు మీద రెండు పెంకులూ కలిసే గీతకు కుడి పక్కన, కుడి పెంకు మొదలుకు దగ్గరగా దించుతారు. అడుగున అది నడిమి కాలికీ వెనక కాలికీ మధ్య బయటికి రావాలి. గీత మీదే గుచ్చితే పెంకులు రెండూ విచ్చుకుంటాయి, కాస్త ముందుకు పోతే కాలి కీలు ఊడుతుంది. ఎప్పుడూ కుడి పెంకుకే ఎందుకంటే, ప్రపంచంలో ఏ పెట్టె తెరిచినా ఎడమ సగం దెబ్బతినకుండా ఉండాలి, పోల్చి చూసేవాళ్లకు అది కావాలి. సూది పొడవు 38 మిల్లీమీటర్లు, మందం 2 లేదా 3 నంబరు, తుప్పు పట్టని స్టీలు. ఇత్తడి గుండుసూది వాడితే పురుగు ఒంట్లో కొవ్వుకు చిలుము పుట్టి, ఆకుపచ్చగా ఉబ్బి, లోపలినుంచే పగలగొడుతుంది.

8 మిల్లీమీటర్లకు లోపు పురుగులకు సూది గుచ్చరు. దళసరి కాగితాన్ని చిన్న త్రికోణంగా కత్తిరించి, మొనను కాస్త కిందికి వంచి, దానికి పురుగు కుడి పక్కను అంటిస్తారు. సూది ఆ కాగితానికి పోతుంది. జిగురు నీళ్లలో కరిగేదై ఉండాలి. ఫెవిక్విక్‌తో అంటించిన పురుగును మళ్లీ ఊడదీసి పొట్ట వైపు చూడటం అయ్యే పని కాదు, పేరు తేల్చే గుర్తులు సగం ఆ వైపే ఉంటాయి. నానబెట్టి వడగట్టిన తుమ్మ జిగురు పనికొస్తుంది, దాన్ని ఎప్పుడైనా తడిపి విడదీయొచ్చు.

ఇదంతా నీ వ్యాసంలోకి ఎక్కించమని కాదు చెప్పేది. పెట్టె ముందు కూర్చున్నప్పుడు ఏం చూడాలో తెలియడానికి. పాత వరసల్లో సూదులు నడిమధ్య ఉండి, ఒక వరస దగ్గరినుంచి కుడికి జరిగాయనుకో, ఆ ఏడు ఆయనకు ఎవరో నేర్పారు, లేదా ఏదో పుస్తకం చేతికొచ్చింది. ఆ సంవత్సరం పురుగు కింది చీటీ మీద ఉంటుంది. ‘ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు’ అని రాశావే, ఆ వాక్యం నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. అడుగు.

అసలు చదవాల్సింది పురుగు కింద అదే సూదికి గుచ్చిన చీటీలను. అగ్గిపుల్లలో సగం పొడవు కూడా ఉండవు. పైచీటీలో ఊరు, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టినవాళ్ల పేరు ఉండాలి. రెండోదాంట్లో ఏ చెట్టు మీద, ఏ పేడలో, దీపానికి వచ్చిందా, గుంటలో పడిందా అన్నది. మూడోది పేరు తేల్చినవాళ్ల చీటీ, వాళ్ల పేరూ సంవత్సరమూ దాని మీద వేస్తారు. పేరు తర్వాత తప్పని తేలితే పాత చీటీ తీసెయ్యరు, దాని కింద ఇంకోటి గుచ్చుతారు. తేదీలో నెలను రోమన్ అంకెల్లో వేస్తారు, లేకపోతే 05-06-24 అన్నది జూన్ అయిదో మే ఆరో తెలియదు. అక్షాంశం నాలుగు దశాంశాల దాకా ఇస్తే పది మీటర్ల తేడాలో ఆ చోటికి పోవచ్చు. బాల్‌పెన్ను సిరా ఆల్కహాలు తగిలితే కారిపోతుంది, ఇంక్‌జెట్ అచ్చూ అంతే. పెన్సిలు చెడదు.

మన వైపు ఊరి పేరు, అక్షాంశ రేఖాంశాలు లేని చీటీ మరీ మోసం చేస్తుంది. 1882కు ముందు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం, కాబట్టి ఆ కాలపు చీటీ మీద ‘బళ్లారి’ అని ఉంటే అది గుత్తి కావచ్చు, తాడిపత్రి కావచ్చు. 2022 ఏప్రిల్ దాకా ‘కర్నూలు’ అని రాసిన రోళ్లపాడు గడ్డిభూమి ఇప్పుడు నంద్యాల జిల్లా. హిందూపురం అనంతపురంలోంచి శ్రీసత్యసాయిలోకి పోయింది, 2022లోనే రాజంపేట కడపలోంచి అన్నమయ్యలోకి పోయింది. జిల్లాలు మళ్లీ మారతాయి, రేఖలు మారవు. అయ్యవారి పాత చీటీల మీద ఉత్త ‘అనంతపురం’ అని ఉంటే ఊరేదో ఆయన బతికుండగానే అడిగి రాయించు. ఇది ఆయనకు నువ్వు చెయ్యగల సాయం కూడా.

ఊరు సరిగా రాసినా చాలనుకోకు. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ వర్ణించిన నీలి సాలీడు పోయెకిలోథీరియా మెటాలికా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. గుత్తి పేరే దానికి ప్రపంచమంతా స్థిరపడింది. మళ్లీ అది కనిపించింది 2001లో, దాదాపు 100 కిలోమీటర్ల అవతల నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో. కలపతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉండాలి. అది పెంకు పురుగు కాదు, అయినా నీ వ్యాసానికి డార్విన్ కంటే ఎక్కువ పనికొస్తుంది. రెండో చీటీ ఎందుకో ఈ ఒక్క సంగతి చెబుతుంది: ‘గుత్తి’ అన్నచోట ‘గుత్తి, దుంగ బెరడు కింద’ అని ఉంటే వెదికేవాళ్లు ఆ దుంగ ఎక్కడిదని ముందు అడిగేవాళ్లు.

పట్టే పనిని కూడా ఒకసారి మొదటినుంచి చివరిదాకా చూడు. పేడ పురుగులకైతే పెద్ద ప్లాస్టిక్ గ్లాసును గుంటలో పెట్టి, అంచు నేలకు సమంగా, ఇంకా చెప్పాలంటే వెంట్రుకవాసి కిందికి ఉండేట్టు మన్ను సర్దుతారు. అంచు పైకి తేలితే పురుగు దాన్ని గోడ అనుకుని చుట్టూ తిరిగి పోతుంది. కొత్తవాళ్ల గుంటలు ఖాళీగా ఉండేది చాలావరకు ఇందుకే. గ్లాసులో మూడో వంతు నీళ్లు, పిడికెడు ఉప్పు, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు ద్రవం. సబ్బు లేకపోతే చిన్నవి నీటి మీద తేలి, ఈదుకుంటూ గట్టెక్కుతాయి. పైన నిమ్మకాయంత పేడ పలచని గుడ్డలో మూట కట్టి, పుల్లకు వేలాడదీస్తారు. గుంటకూ గుంటకూ 50 మీటర్ల ఎడం ఉండాలి, దగ్గరైతే ఒకదాని వాసనకు వచ్చేవి ఇంకోదాంట్లో పడి లెక్క చెడుతుంది. పగలు తిరిగేవి వేరు, రాత్రి తిరిగేవి వేరు కనుక కనీసం 24 గంటలు ఉంచాలి. అనంతపురం ఎండకు మధ్యాహ్నానికే నీళ్లు ఇంకిపోతాయి, వానైతే గ్లాసు పొంగి అన్నీ కొట్టుకుపోతాయి, రెంటికీ మందు పైన కప్పే అట్టముక్కే. ఊరి కుక్కలకు మాత్రం మందు లేదు.

దీపానికి వచ్చేవాటికి తెల్లపంచె కట్టి ముందు బల్బు వెలిగిస్తారు. అమావాస్య అటూ ఇటూ, వాన పదును ఉన్న, గాలి లేని రాత్రి పో. పున్నమి వెన్నెల్లో పంచె ఖాళీగా ఉంటుంది. ఎరుపూ నలుపూ చారల సన్నని పెడెరస్ అనే పురుగు మెడ మీద వాలితే చేత్తో నలపకు, ఊదెయ్. నలిపితే దాని ఒంటి రసానికి మర్నాటికి బొబ్బలు లేస్తాయి.

చంపడాన్ని వ్యాసంలో దాచొద్దు. నువ్వు ‘పురుగు నిద్రపోయింది’ అని రాశావు. సీసా అడుగున రెండు సెంటీమీటర్లు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, ఆరాక అది పీల్చేంత ఇథైల్ అసిటేట్ వేస్తారు, పురుగు ఆ ఆవిరికి చస్తుంది. అలా చచ్చినదాని కీళ్లు మెత్తగా ఉంటాయి, కాళ్లు సర్దొచ్చు. అసిటోన్ కలిసిన నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే బిగుసుకుపోతుంది. ఫ్రీజరులో ఒక రాత్రి ఉంచేవాళ్లూ ఉన్నారు. ఎందుకు చంపాలని చదివేవాళ్లు అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైందే. జవాబు కూడా వ్యాసంలో ఉండాలి: గోధుమరంగు వేరు పురుగుల్లోనూ చిన్న పేడ పురుగుల్లోనూ చాలా జాతులు పైకి ఒకేలా ఉంటాయి, మగదాని జననాంగాన్ని బయటికి తీసి భూతద్దం కింద చూస్తే తప్ప ఏది ఏదో చెప్పలేరు. ఫోటో చూసి పేరు చెప్పమని శాస్త్రవేత్తను వేధించేవాళ్లకు ఇది తెలియదు.

దాచడం గురించి రెండే మాటలు. పెట్టె అడుగున థర్మాకోల్ వేసి నాఫ్తలీన్ ఉండలు పెడితే థర్మాకోల్ కరిగి గుంటలు పడి, సూదులు వదులవుతాయి. పెట్టెను తినేసే ఆంత్రీనస్ కూడా ఒక పెంకు పురుగే. వెంట్రుకల లార్వా లోపల తొలుస్తుంటే పురుగు కింద సన్నని పొడి రాలుతుంది. పెట్టెను సంచిలో బిగించి రెండు వారాలు ఫ్రీజరులో పెడితే చస్తాయి. అయ్యవారి పెట్టెలో ఆ పొడి కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పు.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఆరుద్ర పురుగును నువ్వు పెంకు పురుగుల్లో కలిపావు. దానికి ఎనిమిది కాళ్లు, అది నల్లి జాతి. మిణుగురును వదిలేశావు, అది పెంకు పురుగే. అక్షింతల పురుగూ అంతే. లాటిన్ పేరుకు నీ సొంత తెలుగు పేరు అల్లకు. ఊళ్లో పేరుంటే అది రాయి, ఏ ఊళ్లో ఎవరు అంటారో కూడా రాయి. లేకపోతే హోలోట్రైకియా (వేరు పురుగుల్లో ఒకదాని లాటిన్ పేరు) అనే ఉండనీ, మన రైతు ఎండోసల్ఫాన్ పలకగలిగినవాడే.

ఆ రైతు నీ వ్యాసంలో లేడు. వేరుశనగ పండించే నేలలో పెంకు పురుగుల మీద రాస్తూ వేరు పురుగును వదిలేస్తే ఎట్లా? తొలి గట్టి వాన పడిన మునిమాపున పెద్ద పురుగులు మట్టిలోంచి లేచి వేప మీద, తుమ్మ మీద వాలి ఆకు తింటాయి, తెల్లారేలోపు మళ్లీ మట్టిలోకి దిగి గుడ్లు పెడతాయి. పిల్ల పురుగు వేరు కొరికితే మొక్క వాడి, లాగితే సులువుగా ఊడి వస్తుంది. రాత్రిపూట కొమ్మలు దులిపి, రాలినవాటిని కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేసే రైతుకు ఆ పురుగు ఏ చెట్టును ఎంచుకుంటుందో, వాన ఎంత పడితే లేస్తుందో తెలుసు. అదీ రెండో చీటీలో ఎక్కాల్సిన సంగతే. ‘పురుగు ఉందా’ అని అడగకు, ‘మొన్నటి వానకు ఏ వేపచెట్టు బోడిగా అయింది’ అని అడుగు. హిందూపురం చింతపండు మండీలో గింజ తొలిచే పురుగు గురించి హమాలీలను కూడా అడగొచ్చు, అదే జాతి నిల్వ వేరుశనగ కాయనూ తొలుస్తుంది. గొర్రెల కాపరిని నట్టల మందు ఏది పోశారని అడుగు. ఐవర్‌మెక్టిన్ పెంటికలతో బయటికి వచ్చి పేడ పురుగుల పిల్లలను చంపుతుంది, ఆల్బెండజోల్‌తో ఆ బెడద చాలా తక్కువ. మందు పేరు రాసుకోకుండా ‘మందుల వల్ల పురుగులు పోయాయి’ అని రాస్తే అది ఉబుసుపోక మాట.

‘కొత్త జాతి కనుగొన్నారు’ అన్న నీ శీర్షిక అచ్చుకు పంపకు. మూల నమూనాను మ్యూజియంలో భద్రపరిచి, వర్ణన పత్రికలో అచ్చయితేనే కొత్త జాతి. ‘జిల్లాలో మొదటిసారి’ అన్నది వేరే సంగతి, చాలాసార్లు దానికి అర్థం ఇంతకుముందు ఎవరూ వెదకలేదనే. అయ్యవారు చెప్పింది రెండోదే అయుంటుంది. నేరుగా అడిగి, ఆయన చెప్పిన మాటే రాయి.

లంకమల, రోళ్లపాడు, గుండ్ల బ్రహ్మేశ్వరం లాంటి అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగునూ పట్టకూడదు. 2008లో డార్జిలింగ్ వైపు సింగలీలా నేషనల్ పార్కులో అనుమతి లేకుండా పట్టిన ఇద్దరు చెక్ దేశస్థులను అరెస్టు చేశారు, కోర్టు శిక్ష కూడా వేసింది. ఆయన దగ్గర కాగితాలు ఉన్నాయా అని ముందే కనుక్కో. నీ వ్యాసం ఆయన మెడకు చుట్టుకోకూడదు. పెట్టెలోని చీటీ మీద రేఖలు ఉండాలి గానీ పత్రికలో ఊరి పేరుతో ఆపు. గుత్తి సాలీడును పెంచుకోవడానికి కొనేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు, అందమైన పురుగులకూ కొనేవాళ్లు ఉంటారు.

మృగశిర వచ్చేలోపు ఆయన ఇంటికి మళ్లీ పో. పదింతలు చూపే చేతి భూతద్దం, పెన్సిలు, గీతల్లేని నోటుపుస్తకం తీసుకుపో. పెట్టెల ఫోటోలు వద్దు. ఏవైనా ఇరవై పురుగుల చీటీలు మూడూ అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకుని, కొట్టివేతలు కూడా ఉన్నదున్నట్టు నాకు పంపు. వ్యాసం తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో