రేటింగ్ ఒకటే, హైక్ మాత్రం వేరు: మా అబ్బాయికి అన్యాయం జరిగిందా?

కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి అడిగారు: మా అబ్బాయి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఈసారి అప్రైజల్‌లో వాడికీ పక్క సీటు కుర్రాడికీ ఒకే రేటింగ్ వచ్చింది, కానీ మావాడికి 6 శాతం, అతనికి 10 శాతం పెంచారు, రిజైన్ చేసేస్తానంటున్నాడు, ఏం చెప్పమంటారు?

ముందు ఆ రాజీనామా ఆపించండి సార్. హైక్ అంటే రేటింగ్ ఒక్కటే అనుకుంటాం గానీ, చాలా పెద్ద కంపెనీలు ఇప్పుడు తీసుకుంటున్న జీతం కూడా చూస్తాయి. ప్రతి గ్రేడ్‌కీ, అంటే ఉద్యోగ స్థాయికీ, జీతంలో కనిష్ఠం, గరిష్ఠం, మధ్యలో మిడ్‌పాయింట్ ఉంటాయి, బయట ఆ పనికి ఎంత ఇస్తున్నారో చూసి ఆ అంకె పెట్టుకుంటారు. జీతాన్ని ఆ మిడ్‌పాయింట్‌తో భాగిస్తే వచ్చేది కంపా రేషియో.

మిడ్‌పాయింట్ 12 లక్షలనుకోండి. మీవాడి జీతం 13.2 లక్షలైతే రేషియో 1.10, ఆ కుర్రాడిది 9.6 లక్షలైతే 0.80. ఒకే రేటింగ్ ఉన్నా కింద ఉన్నవాళ్లకు ఎక్కువ శాతం, పైన ఉన్నవాళ్లకు తక్కువ శాతం అని ముందే పట్టిక వేసుకుంటారు, దాన్ని మెరిట్ మ్యాట్రిక్స్ అంటారు. మీవాడికి ఏడాదికి 79,200 రూపాయలు పెరిగితే అతనికి 96,000 పెరుగుతాయి, అయినా మీవాడు దాదాపు 14 లక్షల దగ్గర ఉంటే అతను 10.56 దగ్గరే ఉంటాడు. అదే పని ఇన్నాళ్లూ తక్కువకు చేసింది ఆ కుర్రాడు, నా దృష్టిలో ఇది న్యాయమే.

అయితే మీవాడు ఊరుకోవాలని కాదు. గ్రేడ్ గరిష్ఠానికి దగ్గరపడేకొద్దీ ఎంత బాగా చేసినా శాతం తగ్గుతూనే ఉంటుంది, కొన్నిచోట్ల అది దాటాక జీతం పెంచకుండా ఒకేసారి కొంత మొత్తం చేతిలో పెడతారు. అందుకని మేనేజర్ దగ్గర పక్కవాడి హైక్ ఎత్తకుండా, నా గ్రేడ్ మిడ్‌పాయింట్ ఎంత, నేనెక్కడున్నాను, పై గ్రేడ్‌కి వెళ్లాలంటే ఇంకేం చూపించాలి అని అడగమనండి. పై గ్రేడ్ మిడ్‌పాయింట్ 16 లక్షలైతే అదే 14 లక్షల జీతం 0.88 దగ్గర పడుతుంది, మళ్లీ మంచి హైక్‌కి చోటు దొరుకుతుంది.

లెటర్‌లో ఆ 6 శాతం సీటీసీ (కంపెనీ ఏడాదికి అతని మీద పెట్టే మొత్తం ఖర్చు) మీదా, ఫిక్స్‌డ్ పే (ఖాయంగా వచ్చే జీతం) మీదా అన్నది కూడా చూడమనండి, వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే భాగం) కూడా కలిపి లెక్కేస్తే నెలనెలా చేతికొచ్చేది అనుకున్నంత పెరగదు. ప్రమోషన్ సంగతి ఎటూ తేల్చకపోతే అప్పుడు బయట ఇంటర్వ్యూలు మొదలుపెట్టవచ్చు, కానీ ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రిజైన్ చేయమనండి.