కారు స్టీరియోను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది పదేళ్ల నాటి మారుతి హ్యాచ్‌బ్యాక్. కంపెనీ అమర్చిన స్టీరియోలో ఎఫ్ఎం, సీడీ తప్ప మరో సదుపాయం లేదు, ఇప్పుడు సీడీ కూడా పనిచేయడం లేదు. ఏడు అంగుళాల టచ్ స్క్రీన్ స్టీరియో ఒకటి కొన్నాము. బిగించమని దుకాణానికి తీసుకువెళితే, పాత కప్లర్‌ను (వైర్లన్నీ ఒకచోట చేరే ప్లగ్గును) కత్తిరించి వైర్లను నేరుగా కలుపుతామన్నారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్న మా అబ్బాయి ఈ పని ఇంట్లోనే చేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? ఏ జాగ్రత్తలు అవసరం?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నిస్సందేహంగా ఒప్పుకోవచ్చు. ఒక్క షరతు మాత్రం పెట్టండి: కారుతో వచ్చిన వైరు మీద కత్తెర పడకూడదు. కప్లర్‌ను కోసి వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం దుకాణంలో అరగంట ఆదా చేస్తుంది కాని, దాని నష్టం కారు ఉన్నంతకాలం మిగిలిపోతుంది. కంపెనీ వైర్ల రంగులు ఒక తయారీదారుకూ మరొకరికీ కలవవు. కప్లర్ ఉన్నంతవరకు ఏ గుంటలో ఏ వైరు ఉన్నదో దానిని బట్టి తెలుసుకోవచ్చు; అది పోయిన తరువాత వచ్చే ప్రతి మెకానిక్ ఊహ మీదనే పనిచేయవలసి వస్తుంది. కారు అమ్మేటప్పుడు పాత స్టీరియోను తిరిగి బిగించే అవకాశమూ పోతుంది. వారంటీ కాలంలో ఉన్న కారు అయితే, వైరింగ్ కోసినందుకు ఎలక్ట్రికల్ వారంటీని నిరాకరించే వీలు కంపెనీకి మనమే కల్పించినట్లవుతుంది.

కోయకుండా పని జరిగే మార్గం అడాప్టర్ కప్లర్. దాని ఒక చివర మీ కారు కప్లర్‌లో సరిగ్గా అమరుతుంది, రెండో చివర వైర్లు కొత్త స్టీరియో వైర్లతో కలుస్తాయి. కారు పేరు, మోడల్, తయారైన సంవత్సరం చెబితే తిరుపతిలో గాని చిత్తూరులో గాని యాక్సెసరీస్ దుకాణాలలో అడిగి కొనుక్కోవచ్చు. స్టీరియో ధరతో పోలిస్తే దాని ఖరీదు చాలా స్వల్పం. దానితోపాటు మీ మోడల్‌కు సరిపోయే ఫ్రేమ్ కూడా తీసుకోండి. స్టీరియోల కొలతలకు డిన్ అనే జర్మన్ ప్రమాణం ఆధారం: ఒక డిన్ అంటే 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు; మీరు కొన్న ఏడు అంగుళాల రకం సాధారణంగా 2 డిన్, అంటే 180 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. ఎత్తు. ముందు భాగం కొలిచి సంతృప్తి పడకండి. వెనుక లోతు ఎంత ఉన్నదో, అక్కడ ఏసీ గొట్టం అడ్డు వస్తుందో లేదో చూసుకోవడం అంతకంటే ముఖ్యం.

పనిని ఉదయం పూట నీడలో పెట్టుకోండి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బయట నిలిపిన కారు డ్యాష్‌బోర్డు అంతకు మించి కాగిపోయి, చేయి పెట్టనివ్వదు. హ్యాండ్ బ్రేక్ వేసి, కిటికీ అద్దాలు దించి, తాళం చెవిని కారులోంచి బయటకు తీసి జేబులో ఉంచుకోండి. కొన్ని కంపెనీల స్టీరియోలు బ్యాటరీ తీసిన తరువాత కోడ్ అడుగుతాయి కనుక, పాతదానిని మళ్లీ వాడే ఉద్దేశం ఉంటే ఆ కోడ్‌ను ముందే వెతికి పెట్టుకోవాలి. ఆ తరువాత 10 సైజు పానాతో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను విప్పండి. నెగటివ్‌నే ఎందుకంటే, కారు ఇనుప శరీరమంతా దానికి కలిసి ఉంటుంది. ముందు పాజిటివ్ విప్పబోతే పానా బాడీకి తగిలిన మరుక్షణం షార్ట్ అవుతుంది. ఎయిర్ బ్యాగులున్న కారులో బ్యాటరీ విప్పిన తరువాత కూడా కొన్ని నిమిషాలు ఆగి పని మొదలుపెట్టాలి, పసుపు రంగు తొడుగుతో కనిపించే ఎయిర్ బ్యాగ్ కప్లర్లను ఏ సందర్భంలోనూ ముట్టుకోకూడదు. స్టీరియో వైర్లలోనూ ఒక పసుపు వైరు ఉంటుంది కనుక రెండింటికీ తేడాను అబ్బాయికి ముందే చూపించండి.

ప్యానెల్ ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ వాడవద్దు, గీతలు పడతాయి, క్లిప్పులు విరుగుతాయి. ప్లాస్టిక్ పట్టీల సెట్టు దుకాణాలలో దొరుకుతుంది. దానిని అంచు కింద దూర్చి, ఒక్కో క్లిప్పును చప్పుడు వినబడేవరకు మెల్లగా లేపాలి. లేవని చోట బలం పెంచే ముందు ఆగి, యాష్ ట్రే కిందనో ఏసీ గుబ్బల వెనుకనో దాగిన స్క్రూ ఉందేమో వెతకండి. హజార్డ్ స్విచ్, ఏసీ స్విచ్ వైర్లు ప్యానెల్‌కే అంటి ఉంటాయి, వాటి కప్లర్ల నాలుకను నొక్కి విడదీయాలి గాని వైరు పట్టుకొని లాగరాదు. విప్పే ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకొంటే తిరిగి బిగించేటప్పుడు వాదులాట ఉండదు. గేరు లివర్ మీద పాత తుండు గుడ్డ పరచండి. జారిన స్క్రూ లివర్ సందులో పడితే దానికోసం మరో గంట పోతుంది.

ఇక అసలైన పని వైర్లు కలపడం. దీనిని కారులో వంగి చేయకుండా బల్ల మీద కూర్చొని చేయండి, ఎందుకంటే అడాప్టర్ కప్లర్, స్టీరియో కప్లర్ రెండూ మీ చేతిలోనే ఉంటాయి. బజారులో కొన్న స్టీరియోలలో ఎక్కువభాగం ఒకే రంగుల పద్ధతిని పాటిస్తాయి. పసుపు వైరుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు అందాలి, గడియారమూ జ్ఞాపకంలో ఉంచిన స్టేషన్లూ నిలిచేది దానివల్లనే. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు రావాలి. నలుపు ఎర్త్. నారింజ రంగు, హెడ్‌లైట్లు వేసినప్పుడు బటన్ల వెలుగును సర్దుబాటు చేయడానికి. నీలం, యాంటెనాకు స్టీరియో పంపే 12 వోల్టులు. ముందు ఎడమ స్పీకరుకు తెలుపు, ముందు కుడికి బూడిద, వెనుక ఎడమకు ఆకుపచ్చ, వెనుక కుడికి ఊదా. అదే రంగు మీద నల్ల చార ఉన్నది ఆ స్పీకరు నెగటివ్. స్పీకరు నెగటివ్ వైర్లను ఎన్నడూ కారు బాడీకి గాని నల్ల వైరుకు గాని కలపకండి. పాత రేడియోలలో అలా కలిపే అలవాటుండేది, నేటి స్టీరియోలలో రెండు వైర్లలోనూ సంకేతం ఉంటుంది కనుక అలా చేస్తే లోపలి ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు.

రంగులను నమ్మి ఊరుకోవద్దని నా గట్టి సలహా. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ స్థానంలో ఉంచి, బ్యాటరీని కొద్దిసేపు తిరిగి కలిపి, కారు కప్లర్‌లోనే పరీక్షించండి. తాళం తీసి ఉన్నప్పుడు కూడా 12.5 వోల్టుల దరిదాపు చూపించేది పసుపు వైరుకు, తాళం తిప్పితేనే చూపించేది ఎరుపు వైరుకు చెందినవి. కొన్ని కార్లలో ఈ రెండు స్థానాలు తారుమారై ఉంటాయి. మీటరు చూసిన తరువాత నెగటివ్‌ను మళ్లీ విప్పడం మరవకండి.

ఎవరో ఇదివరకే కప్లర్ కోసేసిన కారు కొన్నవారు స్పీకరు వైర్లను 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌తో గుర్తించవచ్చు. స్టీరియో నుంచి విడదీసిన రెండు వైర్లను సెల్ కొసలకు క్షణంపాటు తాకిస్తే ఏ స్పీకరు టప్పుమంటుందో తెలుస్తుంది. దాని పొర బయటకు కదిలితే సెల్ పాజిటివ్‌కు తగిలిన వైరే స్పీకరు పాజిటివ్. ఈ దిశ తప్పకూడదు. ఒక స్పీకరు సరిగానూ మరొకటి తలకిందులుగానూ కలిపితే, బరువైన తలుపును ఒకరు నెట్టగా ఇంకొకరు లాగినట్లే రెండింటి శ్రమ ఒకదానినొకటి రద్దు చేసుకొని, మృదంగం, డోలు వంటి గంభీర ధ్వనులు వినబడకుండా పోతాయి. స్పీకర్లు పాడయ్యాయని కొత్తవి కొనేవారిలో కొందరి అసలు లోపం ఇదే.

అతుకులకు సోల్డరింగ్ లేదా క్రింపింగ్ (లోహపు తొడుగులో పెట్టి నొక్కి బిగించడం) వాడి, పైన హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడి తగిలితే ముడుచుకొని వైరును పట్టేసే గొట్టం తొడగండి. నల్ల ఇన్సులేషన్ టేపు మన ఎండలకు జిగురు కారి, రెండు వేసవులు గడిచేలోగా ఊడివస్తుంది. వాడని వైర్లు మిగిలితే ఒక్కొక్క కొసను విడివిడిగా కప్పాలి, గుత్తిగా చుట్టరాదు. ముఖ్యంగా నీలం వైరు కొస బాడీకి తగిలితే స్టీరియోకు ప్రమాదం. వెనుక ఉండే ఫ్యూజు 10 లేదా 15 ఆంపియర్లది. అది పోతే అదే విలువ ఉన్నదాన్నే వేయండి, పోతోంది కదా అని పెద్దది వేయవద్దు.

హ్యాండ్ బ్రేక్‌కు కలపమని సూచించిన వైరు గురించి ఒక మాట. కారు ఆగి ఉన్నప్పుడే తెర మీద వీడియో రావాలని ఆ ఏర్పాటు. చాలామంది దానిని నల్ల వైరుకు కలిపేసి కదులుతున్న కారులోనూ సినిమా వచ్చేలా చేసుకుంటున్నారు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కే ఊరిలో ఉండి ఎవరూ ఈ పని చేయకూడదని నేను కోరుతున్నాను. స్టీరింగ్ మీద బటన్లున్న కారులో వాటి వైర్లను స్టీరియోలోని కీ వైర్లకు కలిపి, సెట్టింగులలో ఒక్కో బటన్‌ను నేర్పించవచ్చు. కొత్త తరం కార్లలో మాత్రం దీనికి ప్రత్యేకంగా క్యాన్‌బస్ పెట్టె (కారు కంప్యూటర్ సంకేతాలను స్టీరియోకు అర్థమయ్యేలా మార్చేది) కావలసి ఉంటుంది.

ప్యానెల్ మూయక ముందే బ్యాటరీ కలిపి, నాలుగు స్పీకర్లు, ఎఫ్ఎం, హజార్డ్ లైట్లు, ఏసీ అన్నీ పరీక్షించండి. తరువాత స్టీరియోను పక్క బ్రాకెట్లకు నాలుగు స్క్రూలతో బిగించి, వెనుక భాగానికి ఆధారం ఉండేలా చూడండి. ఆధారం లేకపోతే గతుకుల రోడ్డు మీద గిలగిల శబ్దం మొదలవుతుంది. వైర్ల కట్టకు బట్ట టేపు చుడితే ఆ శబ్దం రాదు. వెనుక వేడి పోయేందుకు ఖాళీ మాత్రం వదలండి, సందులు నింపడానికి ఫోమ్ కుక్కవద్దు.

ప్రశ్న: కొత్త ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించినప్పటి నుంచి రెండు రోజులు కారు తీయకపోతే స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ మార్చమంటున్నారు. మార్చాలా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: బ్యాటరీ కొనే ముందు ఎరుపు వైరు ఎక్కడ కలిపారో చూపించమనండి. పసుపు, ఎరుపు రెండింటినీ కలిపి ఎప్పుడూ విద్యుత్తు ఉండే వైరుకు అతికించి ఉంటే, తాళం తీసినా స్టీరియో పూర్తిగా ఆగదు. తెర నల్లగా ఉన్నంత మాత్రాన ఆగిందనుకోవద్దు. చిన్న కార్లలో సాధారణంగా ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి ఒక్క ఆంపియర్ నిరంతరం పోతూ ఉన్నా 35 గంటలలో అది ఖాళీ అవుతుంది, అంతకుముందే స్టార్టర్ తిప్పే శక్తి కోల్పోతుంది. మీరు చెప్పిన రెండు రోజుల లెక్కకు ఇది సరిపోతోంది. ఎరుపు వైరును తాళంతో వచ్చే విద్యుత్తుకు మార్చిన తరువాత, బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయించి మళ్లీ రెండు రోజులు నిలిపి చూడండి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే బ్యాటరీని పరీక్షించడం న్యాయం. పూర్తిగా ఖాళీ కావడం పలుమార్లు జరిగితే మంచి బ్యాటరీ కూడా దెబ్బతింటుంది కనుక ఆలస్యం చేయవద్దు. ఇందుకు భిన్నంగా, తాళం తీసిన ప్రతిసారీ గడియారం, సెట్టింగులు చెరిగిపోతున్నవారికి ఆ రెండు వైర్లు తారుమారైనట్లు లెక్క.

ప్రశ్న: పాత స్టీరియోలో తిరుపతి ఆకాశవాణి స్పష్టంగా వినబడేది. కొత్తదానిలో ఊరిలోనే గరగరమంటోంది. స్టీరియో నాసిరకమా?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: కావచ్చు గాని, ముందు అనుమానించవలసింది నీలం వైరును. కారు పైకప్పు మీద పొట్టి యాంటెనా ఉన్న మోడళ్లలో దాని అడుగున చిన్న బూస్టర్ ఉంటుంది, దానికి 12 వోల్టులు అందకపోతే స్టేషన్లన్నీ బలహీనంగా వస్తాయి. బిగించినవారు నీలం వైరును కలపకుండా వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. రెండవది, యాంటెనా ప్లగ్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి. మూడవది, సిగరెట్ లైటర్ గుంటలో పెట్టిన ఫోను ఛార్జర్, డ్యాష్‌క్యామ్ ఒక్కొక్కటిగా తీసి వినండి. చౌక ఛార్జర్లు ఎఫ్ఎంను బాగా చెడగొడతాయి. కొండ చాటున స్టేషన్ తగ్గడం మాత్రం సహజం, దానికి వైరింగ్‌లో మందు లేదు.

ప్రశ్న: స్టీరియో మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: చెప్పండి. కంపెనీతో రాని ఎలక్ట్రికల్ సామగ్రిని పాలసీలో విడిగా, దాని విలువతో చేర్పించుకోవాలి. అందుకు కొంత అదనపు ప్రీమియం పడుతుంది. చేర్పించకపోతే దొంగతనం జరిగినప్పుడు కొత్త స్టీరియో విలువ చేతికి రాదు. కొన్న బిల్లును పాలసీ కాగితాలతో కలిపి భద్రపరచండి, తీసిన పాత స్టీరియోను, దాని స్క్రూలను కూడా ఒక పెట్టెలో ఉంచండి.