అరిజోనా ఎండలో తారు డ్రైవ్‌వే: డబ్బు ఎక్కడి నుంచి తీయాలి?

ప్రశ్న: అరిజోనాలోని క్వీన్ క్రీక్‌లో ఎకరం స్థలంలో ఇల్లు కొనుక్కున్నాం. గేటు నుంచి గరాజ్ దాకా 200 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కంకర దారి. దుమ్ముతో వేగలేకపోతున్నాం. నవంబర్‌లో నాన్నగారు వస్తున్నారు. ఆయన వాకర్‌తో నడుస్తారు, కంకరలో దాని చక్రాలు దిగబడిపోతాయి. తారు వేయడానికి 16,800 డాలర్లు, కాంక్రీట్‌కి 28,800 డాలర్లు కొటేషన్ ఇచ్చారు. మొన్న ఒకతను తలుపు తట్టి, పక్క వీధిలో పనిచేస్తే తారు మిగిలింది, 6,000 డాలర్లు క్యాష్ ఇస్తే ఈరోజే రెండంగుళాలు వేసేస్తానన్నాడు. నాది హెచ్-1బీ వర్క్ వీసా, మా ఆవిడ దానికి అనుబంధంగా వచ్చే హెచ్-4 వీసాతో, ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేస్తోంది. సేవింగ్స్‌లో 24,000 ఉంది. నెల ఖర్చు 6,500, అన్నీ పోను నెలకి 2,400 మిగులుతుంది. 2,900 టాక్స్ రిఫండ్ రావాలి. సేవింగ్స్ తీయాలా? కాంట్రాక్టర్ ఇస్తానన్న 12 నెలల వడ్డీ లేని ఫైనాన్స్ తీసుకోవాలా? 401కె (రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్, ఇంటి తాకట్టు మీద ఇచ్చే హోమ్ ఈక్విటీ లైన్, హైదరాబాద్ బ్యాంకులో ఉన్న 12 లక్షల ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) ఎఫ్‌డీ కూడా ఉన్నాయి. మరో ఐదారేళ్లు ఈ ఇంట్లోనే ఉంటాం.
- పేరు వద్దన్న పాఠకుడు (ఏప్రిల్‌లో రాసిన ఉత్తరం)

జవాబు: తారే వేయించండి, కానీ అక్టోబర్‌లో. అప్పు చేయకుండా, సేవింగ్స్ ముట్టుకోకుండా. మే నుంచి అక్టోబర్ దాకా నెలకి 2,400 చొప్పున పక్కన పెడితే 14,400 అవుతుంది. రిఫండ్ 2,900 కలిపితే 17,300. మీ కొటేషన్ 16,800. నాన్నగారు వచ్చేసరికి దారి సిద్ధంగా ఉంటుంది, బ్యాంకులో 24,000 అలాగే ఉంటుంది.

ఆ 24,000 జోలికి ఎందుకు వెళ్లొద్దంటున్నానో ముందు చెప్తాను. మీ ఇంట్లో రెండు జీతాలున్నాయని మీరు ధైర్యంగా ఉన్నారు. కానీ ఆ రెండూ ఒకే వీసా మీద నిలబడ్డాయి. మీ ఉద్యోగం పోతే హెచ్-1బీ వాళ్లకి ఇచ్చే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ మీకోసం హెచ్-1బీ పిటిషన్ వేయకపోతే, మీ ఆవిడ హెచ్-4 కూడా నిలవదు, దాంతో ఈఏడీ కూడా పోతుంది. కాబట్టి మామూలు జంటకి చెప్పే మూడు నెలల ఎమర్జెన్సీ ఫండ్ మీకు చాలదు. ఇప్పుడున్నది మూడున్నర నెలల ఖర్చుకి కాస్త ఎక్కువ. అందులోంచి 16,800 తీస్తే 7,200 మిగులుతుంది, అంటే ఒక్క నెల గడుస్తుంది. లేఆఫ్ లెటర్ చేతికొచ్చిన రోజున ఇంటి ముందు నల్లగా మెరిసే దారి ఈఎంఐ కట్టదు. అక్టోబర్ దాటాక కూడా ఆ 2,400 ఆపకుండా, ఫండ్ కనీసం ఆరు నెలల ఖర్చుకి, అంటే 39,000కి చేరేదాకా అక్కడే వేస్తూ ఉండండి.

ఇదే కారణంతో 401కె లోన్ కూడా వద్దు. వడ్డీ మన ఖాతాకే వస్తుంది కదా అని చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఉద్యోగం మారినా పోయినా, చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మొత్తం కట్టేయాలి. ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోపు సర్దలేకపోతే దాన్ని డబ్బు తీసుకున్నట్టే లెక్కేస్తారు. దాని మీద ఆదాయపన్ను, 59½ ఏళ్ల లోపు వాళ్లకి పైన పది శాతం పెనాల్టీ. చేతిలో డబ్బు లేని సమయంలోనే ఈ బిల్లు వస్తుంది.

వడ్డీ లేని ఫైనాన్స్ కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. అందులో ‘డిఫర్డ్ ఇంటరెస్ట్’ అనే మాట ఉంటే, 12 నెలల్లో ఆఖరి డాలర్ దాకా కట్టకపోతే మొదటి రోజు నుంచీ లెక్కగట్టిన వడ్డీ ఒకేసారి మీద పడుతుంది. ఉదాహరణకి 27 శాతం రేటు అనుకుందాం. నెలకి 1,300 చొప్పున కడుతూ వెళ్తే 12 నెలల్లో 15,600 కట్టినట్టు. మిగిలింది 1,200 మాత్రమే. అయినా అప్పుడు పడే వడ్డీ దాదాపు 2,600! మిగిలిన బాకీకి రెట్టింపు కన్నా ఎక్కువ. నెలకి సరిగ్గా 1,400 ఆటోపే పెట్టుకునే క్రమశిక్షణ మీకుండొచ్చు. అయితే ఆ క్రమశిక్షణనే ఆరు నెలలు సేవింగ్స్‌లో చూపిస్తే అప్పే అక్కర్లేదు.

హోమ్ ఈక్విటీ లైన్ విషయంలో బ్యాంకు వాళ్లు టాక్స్ లాభం గురించి చెప్తారు. ఇంటిని మెరుగుపరచడానికి వాడితే వడ్డీని మినహాయించుకోవచ్చన్నది నిజమే, అయితే ఐటెమైజ్ చేసేవాళ్లకే, అంటే మినహాయింపు ఖర్చులను విడివిడిగా చూపేవాళ్లకే. అలా చూపనివాళ్లకి దొరికే స్థిర మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) జంటగా ఫైల్ చేస్తే 2025కి 31,500 డాలర్లు. మీ మార్ట్‌గేజ్ వడ్డీ, రాష్ట్ర, ప్రాపర్టీ పన్నులు, విరాళాలు కలిపి అది దాటకపోతే మీకు ఒక్క డాలర్ కూడా కలిసిరాదు. పైగా రేటు మారుతూ ఉంటుంది, తాకట్టు పెట్టేది ఇల్లు. ఒక దారి కోసం ఇంటిని తాకట్టు పెట్టమని నేను చెప్పలేను.

ఇక అక్టోబరే ఎందుకు? డబ్బు లెక్క ఒక్కటే కాదు, ఎండ కూడా అదే చెప్తోంది. వేడి రోజున తారు వేయడం తప్పేమీ కాదు. మిశ్రమం దాదాపు 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పరుస్తారు, అది 175-180కి చల్లారేలోపు రోలర్ పని పూర్తవ్వాలి, ఎండాకాలంలో అందుకు టైమ్ ఎక్కువ దొరుకుతుంది. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. కొత్త తారు బాగా గట్టిపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. జూన్‌లో వేస్తే ఆ గట్టిపడే మొదటి నెలలే 110 డిగ్రీల ఫారెన్‌హీట్ నెలలు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110కి తగ్గలేదు. అలాంటి మధ్యాహ్నం కారు కదలకుండా స్టీరింగ్ తిప్పితే టైరు కింద తారు మెలితిరిగి చర్మం లేచినట్టు లేస్తుంది. బైక్ సైడ్ స్టాండ్, గరాజ్ ముందు వేసుకునే ఇనుప కుర్చీ కాళ్లు గుంటలు పడేలా దిగుతాయి. మీ నాన్నగారి వాకర్ కాళ్లు కూడా అంతే. దీనికి తోడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా అక్కడ మాన్‌సూన్ కాలం. తవ్వి, బేస్ (తారు కింద పరిచే గట్టి కంకర పొర) వేసి రోల్ చేస్తున్న సమయంలో ఒక్క గట్టి వాన పడితే పని మళ్లీ మొదటికొస్తుంది. అక్టోబర్‌లో వేస్తే మొదటి వేసవి వచ్చేలోపు ఏడెనిమిది నెలల చల్లటి కాలం దొరుకుతుంది.

తలుపు తట్టినతని సంగతికొద్దాం. ఈ ‘మిగిలిన తారు’ మాట అమెరికాలో పాత మోసం. కొలిచి చూడండి. ఒక టన్ను తారు మిశ్రమం రెండంగుళాల మందంలో సుమారు 80 చదరపు అడుగులకి వస్తుంది. మీ దారి 2,400 చదరపు అడుగులు, కాబట్టి 30 టన్నులు కావాలి. 30 టన్నులు అనుకోకుండా మిగలడం జరగని పని. ఒక లారీలో పట్టే సరుకు కూడా కాదది. అతను వేసేది అర అంగుళమో అంగుళమో ఉంటుంది, అదీ కంకర మీద నేరుగా. వేసిన రోజు నల్లగా బాగానే కనిపిస్తుంది. మొదటి వేసవికే అంచులు పెళ్లలుగా ఊడిపోతాయి, అతని ఫోన్ పనిచేయదు. ఇలా ఇంటికొచ్చి అమ్మినవాళ్లతో ఎవరైనా ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, ఎఫ్‌టీసీ (అమెరికాలో వినియోగదారులను కాపాడే ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం మూడో పనిదినం అర్ధరాత్రి దాకా రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. రద్దు చేయవచ్చు సరే, చేతికిచ్చిన క్యాష్ వెనక్కి రావడం వేరే కథ. అందుకే ఇవ్వొద్దు.

16,800 కొటేషన్‌ని కూడా ఇదే టన్నుల లెక్కతో పరీక్షించండి. మందం ఎంతో కాగితం మీద రాయించుకోండి, అదీ రోల్ చేశాక ఉండాల్సిన మందం. మూడంగుళాలంటే 45 టన్నులు రావాలి. ప్రతి లారీతో ప్లాంట్ నుంచి తూకం టికెట్ వస్తుంది. వాటి కాపీలు ఇస్తేనే ఆఖరి విడత అని ముందే చెప్పండి, నికార్సైన కాంట్రాక్టర్ అభ్యంతరం చెప్పడు. కింద ఎంత మందం బేస్ వేస్తారు, నీళ్లు ఎటు పోతాయి, అంచులకి ఆనుడు ఏమిటి, ఏ గ్రేడ్ తారు వాడతారు అని అడగండి. ఫీనిక్స్ ప్రాంతపు మిశ్రమాల్లో పీజీ 70-10 అనే గ్రేడ్ సాధారణం. అందులో 70 అన్నది ఆ తారు తట్టుకోవాల్సిన రోడ్డు వేడి, సెల్సియస్‌లో. ఈ ప్రశ్నకి తడబడేవాడితో పని పెట్టుకోకండి.

అరిజోనాలో ఇంత పెద్ద పనికి రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ అనే రాష్ట్ర సంస్థ ఇచ్చే లైసెన్స్ తప్పనిసరి. వాళ్ల వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే ఫిర్యాదులు కూడా కనిపిస్తాయి. లైసెన్స్ ఉన్నవాడు పని చెడగొట్టి చేతులెత్తేస్తే, అదే సంస్థ నడిపే రికవరీ ఫండ్ నుంచి ఇంటి యజమాని 30,000 డాలర్ల దాకా పరిహారం కోరవచ్చు. లైసెన్స్ లేనివాడికి ఇచ్చినప్పుడు ఈ రక్షణ ఉండదు. క్యాష్ డిస్కౌంట్ ఆశ చూపినప్పుడు మీరు వదులుకుంటున్నది ఇదేనని గుర్తుంచుకోండి. హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే దాని అనుమతి, తవ్వే ముందు భూమిలోని పైపులు, తీగలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించుకోవడానికి 811కి ఫోన్, ఇవి కాంట్రాక్టర్ చేయిస్తాడో మీరు చేయించాలో ముందే తేల్చుకోండి.

కాంక్రీట్ వద్దంటున్నానా? కాంక్రీట్‌కి ఎండలో బలం ఎక్కువ, లేత రంగు కాబట్టి వేడి కాస్త తక్కువ. తారుకి ఎండే శత్రువు. జిగురు ఎండిపోయి బూడిద రంగుకి మారి పగుళ్లిస్తుంది. మొదటి సీల్‌కోట్ (పైన పూసే రక్షణ పూత) ఏడాది తర్వాత, ఆపైన మూడు నుంచి ఐదేళ్లకోసారి తప్పదు. మీరుండే ఐదారేళ్లలో రెండుసార్లు అనుకోండి. ఒక్కోసారి వెయ్యి డాలర్లయినా మొత్తం 18,800. కాంక్రీట్ కన్నా పది వేలు తక్కువ. ఇరవై ఏళ్లు ఉండే ఇల్లయితే నా సమాధానం వేరుగా ఉండేదేమో. ఇల్లు అమ్మేటప్పుడు ఈ ఖర్చు తిరిగొస్తుందని మాత్రం లెక్కేసుకోకండి. బిల్లులు దాచండి. కొత్త డ్రైవ్‌వే ఇంటి కొనుగోలు ఖరీదుకి కలుస్తుంది, రేపు లాభం మీద పన్ను లెక్కలో పనికొస్తుంది. సీల్‌కోట్ మరమ్మతు కిందకి పోతుంది, అది కలవదు.

నాన్నగారి విషయంలో ఒక్క మాట. ఆయనకి కావలసింది 200 అడుగుల దారి కాదు, కారు దిగిన చోటు నుంచి గుమ్మం దాకా ఉన్న నాలుగు అడుగుల వెడల్పు బాట. అక్టోబర్‌లో ఏదైనా అడ్డొచ్చి పని వాయిదా పడితే, ఆ బాట ఒక్కటీ లేత రంగు పేవర్లతో (నేలమీద పేర్చే పలకలతో) వేయించేయండి. చిన్న ఖర్చుతో పోతుంది. ఆయన వేసవి దాకా ఉంటే, చెప్పుల్లేకుండా తారు మీద కాలు పెట్టనివ్వకండి. మన పెద్దవాళ్లకి పేపర్ కోసమో, పాల కోసమో వట్టికాళ్లతో గేటు దాకా నడిచే అలవాటుంటుంది. వేసవి మధ్యాహ్నం అక్కడి తారు 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. ఫీనిక్స్‌లోని అరిజోనా బర్న్ సెంటర్‌కి ఏటా నేల తగిలి కాలిన వాళ్లు వస్తూనే ఉంటారు. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కాలుతున్న సంగతే తెలియదు.

ఎఫ్‌డీని కదపక్కర్లేదు. ఎన్ఆర్ఈ డిపాజిట్ ఏడాది నిండకుండా తీస్తే అసలు వడ్డీయే రాదు. నిండాక తీసినా బ్యాంకు కోత ఉండొచ్చు. నాన్నగారికి ఇక్కడ ఆసుపత్రి ఖర్చు వస్తే అది రెండో అండ, ఆయనకి విజిటర్ ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకోండి. అయితే ఆ 12 లక్షల గురించి మీరు అడగనిది ఒకటుంది. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్, అంటే విదేశీ ఖాతాల వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం, ఫైల్ చేయాలి. మీది దాటింది. భారత్‌లో పన్ను లేని ఆ ఎన్ఆర్ఈ వడ్డీని అమెరికా రిటర్న్‌లో ఆదాయంగా చూపాలి కూడా. ఎఫ్‌బీఏఆర్ గడువు ఏప్రిల్ 15, దరఖాస్తు చేయకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. పాత ఏళ్లవి వదిలేసి ఉంటే, డ్రైవ్‌వే కాంట్రాక్టర్‌తో మాట్లాడే ముందే ఒక సీపీఏతో (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్‌తో) మాట్లాడండి.