క్లేర్‌మాంట్ కాలేజీల్లో ఎక్కడైనా క్లాసులు తీసుకోవచ్చట, మరి ఏ కాలేజీలో చేరితే ఏంటి?

తేడా ఉంది, చాలా ఉంది. మారతహళ్లిలో మా పక్కింటి అమ్మాయికీ ఇదే టెన్షన్, అందుకే కాస్త వివరంగా చెప్తున్నా. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో డిగ్రీ కాలేజీలు ఐదు: పొమోనా (1887లో పెట్టారు, అన్నిటికన్నా పాతది), స్క్రిప్స్, క్లేర్‌మాంట్ మెకెన్నా, హార్వే మడ్, పిట్జర్. అన్నీ పక్కపక్కనే, నడిచి వెళ్లిపోవచ్చు, పెద్ద లైబ్రరీ అందరికీ ఒకటే. ఒకదాంట్లో చేరి మిగతా వాటిలో క్లాసులు తీసుకోవచ్చు, మీ కాలేజీలో లేని మేజర్‌ని (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు) పక్క కాలేజీలో చేసే వీలు కూడా చాలావరకు ఉంటుంది.

కానీ దయచేసి "ఎక్కడైతే ఏంలే" అనుకోవద్దు. అడ్మిషన్ దేనికది వేరు, డిగ్రీ మీద పేరు మీరు చేరిన కాలేజీదే, హాస్టలూ అడ్వైజరూ తప్పనిసరి కోర్సులూ అన్నీ దాని ప్రకారమే. హార్వే మడ్‌లో ఏ మేజర్ తీసుకున్నా మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ అందరూ చదవాల్సిందే. స్క్రిప్స్ మహిళా కాలేజీ. అన్నిటికన్నా ముఖ్యం, కంప్యూటర్ సైన్స్ లాంటి గిరాకీ ఉన్న క్లాసుల్లో సీట్లు సాధారణంగా ముందు సొంత కాలేజీ వాళ్లకే వెళ్తాయి, కాబట్టి మీకు కావాల్సిన మేజర్‌ని ఏ కాలేజీ సొంతంగా నడుపుతోందో చూసి అక్కడికే అప్లై చేయండి. ఆర్థిక సాయం కూడా ఏ కాలేజీకి ఆ కాలేజీదే, విడివిడిగా అడగండి.